ఇంకా కుదురుకోలేదు

మా తోడికోడలు ఏ విషయం మీదైనా సరే, అది కుదురుకునేదాకా అభిప్రాయం చెప్పదు. ఆవిడలో వంక పెట్టడానికి ఉన్నది ఇదొక్కటే. కాకపోతే ఈ ఒక్కదానికే ఇంట్లో నలుగురం, ఆఫీసులో ముప్ఫైమందిమి పదకొండేళ్ళుగా జుట్టు పీక్కుంటున్నాం.

"టీ ఎలా ఉందక్కయ్యా?" అని అడుగుతాను. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంటుంది.

"ఆగు. ఇంకా కుదురుకోలేదు."

"ఏది, టీయా?"

"నాలిక. ఇందాక మంచినీళ్ళు తాగాను కదా, ఆ రుచి పూర్తిగా పోలేదు."

నాలిక కుదురుకునేసరికి టీ చల్లారిపోతుంది. ఆ చల్లారిన టీ తాగి, "చల్లగా ఉంది" అని తీర్పు చెబుతుంది. తీర్పులో తప్పు పట్టడానికేమీ ఉండదు. ఒళ్ళు మండేది అందుకే.

ఈ అక్కయ్య వరస నాకు పెళ్ళితో వచ్చింది. ముందు ఆవిడ పనిచేసే పరిశోధనశాలలో ఉద్యోగంలో చేరాను. రెండేళ్ళ తరవాత ఆవిడ మరిదిని పెళ్ళి చేసుకున్నాను. అంచేత పగలంతా ఆవిడ నాకు మేడమ్, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడిచిన దగ్గర్నుంచి అక్కయ్య. ఒకే ఇల్లు. పైన వాళ్ళు, కింద మేము, ఎవరింట్లో ఏం జరుగుతోందో రెండు చెవులా వినపడేలా మధ్య మెట్ల మీద మా అత్తగారు. పరిశోధనశాలలో అక్కయ్య సైంటిస్టు, నేను ఫర్నేసులు చూసుకుంటాను. తెల్లటి పొడి తెచ్చిస్తారు, గట్టిగా కాల్చి బిళ్ళలు చేసిస్తాను. అదీ నా పని.

అక్కడ ఆవిడ అసలు పేరు తలుపు మీది పలక మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ 'ఆగండి మేడమ్'. ఒకసారి ఏదో యంత్రాల కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి, గేటు దగ్గర, "మూడో అంతస్తులో పింగాణీ విభాగం ఎవరు చూస్తారండీ?" అని అడిగింది.

"ఆగండి మేడమ్" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

ఆవిడ ఆగింది. నలభై నిమిషాలు ఎండలో ఆగి, మళ్ళీ వెళ్ళి, "ఇప్పుడైనా చెబుతారా, ఎవరో?" అంది.

"చెప్పాను కదండీ! ఆగండి మేడమ్!"

ఆవిడ అటునుంచి అటే బస్సెక్కి వెళ్ళిపోయి, మా డైరెక్టరుగారికి రెండు పేజీల ఫిర్యాదు రాసింది. సంగతి పింగాణీ విభాగానిది కాబట్టి దానికి జవాబు మా మేడమే రాయాల్సి వచ్చింది. ఎప్పుడు రాసి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా బావగారు పళ్ళ డాక్టరు. అక్కయ్య ఆయనకి పేషెంటుగా పరిచయం. మొదటిరోజు ఆయన పన్ను మీద చిన్నగా తట్టి, "నొప్పిగా ఉందా?" అని అడిగారట.

"ఆగండి."

బావగారు చేతిలో అద్దం పట్టుకుని ఆగారు. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. బయట బెంచీ మీద ఎనిమిదిమంది బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు?"

"ఇంకా కుదురుకోలేదండీ. మీరు ముట్టుకున్నారన్న భయం వేరు, నొప్పి వేరు. భయం తగ్గాక ఏది మిగులుతుందో అదే నొప్పి. అప్పుడు చెబుతాను."

"నొప్పి గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు" అంటారు బావగారు ఇప్పటికీ. ఆ పన్ను బాగయ్యేలోపే ఆయన మనసు పారేసుకున్నారు. నాలుగోసారి వచ్చినప్పుడు ఉండబట్టలేక, "మనం పెళ్ళి చేసుకుందామా?" అని అడిగేశారు. నోట్లో దూది ఉంది కాబట్టి అక్కయ్య చెయ్యెత్తి ఆగమంది.

ఆ చెయ్యి దిగడానికి ఏడాది రెండు నెలలు పట్టింది. ఒకరోజు బావగారు ఒక భారీ మనిషి దవడ పన్ను పీకబోతుంటే తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అక్కయ్య.

"కుదురుకుందండీ" అంది.

బావగారు పట్టకారు బల్ల మీద పడేసి, చేతి తొడుగులైనా తియ్యకుండా బయటికి పరిగెత్తారు. కుర్చీలో ఉన్నాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే పావుగంట ఉండిపోయాడు. వాళ్ళకి మొట్టమొదట అభినందనలు చెప్పింది ఆయనే. "ఆ ఆ ఆ" అన్నాడట.

ఇక మా అత్తగారు. ఆవిడది అగ్గిమీద గుగ్గిలం స్వభావం. ఒక ఆదివారం పొద్దున్న, "మెట్ల మీద తడిబట్టలు ఆరేస్తే నేను జారి పడనూ? నా నడుం ఏం కావాలి?" అని పై అంతస్తు దద్దరిల్లేలా అరిచారు. అక్కయ్య శ్రద్ధగా విని, తల ఊపి వెళ్ళిపోయింది. బుధవారం సాయంత్రం అత్తగారు పేపరు చదువుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరన్నది నిజమే అత్తయ్యా. తప్పు నాదే. కానీ సగమే."

"ఏ తప్పు?"

"ఆదివారంది. తడిబట్టలు."

"అది శనివారం కాదుటే?"

"శనివారంది నీళ్ళ ట్యాంకు గొడవ. దానికి శుక్రవారం చెబుతాను."

అత్తగారు పేపరు పక్కన పడేసి నా దగ్గరికొచ్చారు. "దీంతో పోట్లాడాలంటే డైరీ రాసుకోవాలే! నా వయసుకి అవుతుందా?" అన్నారు. మా ఇంట్లో పదకొండేళ్ళలో ఒక్క గొడవా ముగియలేదు. ముగియలేదు కాబట్టి ముదరనూ లేదు.

ఆవిడని అనడం కాదు గానీ, పని కూడా అలాంటిదే దొరికింది. కోటు గుండీ అంత తెల్లటి పింగాణీ బిళ్ళ ఉంటుంది. దాని రెండు ముఖాలకీ ప్లాటినం తీగలు అతికించి, పొడుగాటి గొట్టంలో పెట్టి, గొట్టాన్ని ఫర్నేసులో ఆరువందల డిగ్రీల దాకా కాకెక్కిస్తాం. గొట్టంలోకి ఒక పక్కనుంచి గాలి పంపిస్తాం. పొడి గాలి పంపితే బిళ్ళలోంచి కరెంటు ఒకలా పారుతుంది. అదే గాలిని నీళ్ళ సీసాలోంచి బుడబుడలాడించి తడిపి పంపితే ఇంకోలా పారుతుంది. తడిలో ఉన్న హైడ్రోజను బిళ్ళలోకి దూరి, ప్రోటాన్లుగా ఇటునుంచి అటు గెంతుతూ కరెంటు మోస్తుంది. అలా బాగా మోసే బిళ్ళ దొరికితే, పొగా మసీ లేకుండా హైడ్రోజనుతో కరెంటు పుట్టించే యంత్రాలకి పనికొస్తుంది. ఎంత పారుతోందో ఒక పాతకాలపు యంత్రం గళ్ళ కాగితం చుట్ట మీద కలంతో గీస్తూ ఉంటుంది. మేం దాన్ని గీతల మిషను అంటాం. కంప్యూటరూ ఉంది. దాని మీద మేడమ్‌కి నమ్మకం ఇంకా కుదరలేదు.

"గాలి మార్చి పది నిమిషాలైంది కదా మేడమ్, రాసేసుకోనా?" అని కొత్తలో నేను అడిగేదాన్ని.

"గాలి మార్చింది మనం. మార్చినట్టు బిళ్ళకి తెలియొద్దూ?" అనేది.

బిళ్ళకి తెలిసేసరికి ఒక్కోసారి మధ్యాహ్నమయ్యేది, ఒక్కోసారి మర్నాడయ్యేది. ఈలోగా గదిలో ఎవరూ తలుపు గట్టిగా వెయ్యకూడదు. మా డైరెక్టరుగారికేమో ప్రతిదీ రెండు ముక్కల్లో చెప్పాలి. "రెండు ముక్కల్లో చెప్పండి మేడమ్, వచ్చిందా, రాలేదా?" అంటూ వస్తారు. "ఆగండి" అంటుంది మేడమ్. "ఇంకొక ముక్క?" అంటారాయన ఆశగా. "సార్" అంటుంది.

ఈ ఆగండి మేడమ్ దగ్గరికి ఒక సారీ మాస్టారు వచ్చి చేరారు.

ఆయన ఇరవై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి, నలభై మూడో ఏట సెలవు పెట్టి పరిశోధనకి వచ్చిన మనిషి. బల్లకి తగిలితే బల్లకి సారీ చెబుతారు. ఫోను మోగితే ఎత్తి, హలో బదులు సారీ అంటారు. ఒకసారి డైరెక్టరుగారు మెట్ల మీద మాస్టారి కాలు తొక్కి, "అయ్యో, సారీ అండీ" అన్నారు. "ఎంతమాట, సారీ నాదండీ" అని మాస్టారు కాలు ఇంకా ఆయన చెప్పు కింద ఉండగానే క్షమాపణ తనవైపు లాక్కున్నారు.

అలాంటి మనిషికి అలాంటి బిళ్ళలే వచ్చాయి. మొదటి ఐదూ నా ఫర్నేసులోనే పగిలాయి. ఆరోది తీగలు అతికిస్తుంటే విరిగింది. ఏడోది నిలబడింది. ఇక పండగే అనుకున్నాం. పొడి గాలిలో గీత చక్కగా వచ్చింది. తడి గాలి వదిలారు. పెరగాల్సిన కరెంటు పెరగడం మానేసి, జారుడుబల్ల ఎక్కినట్టు కిందికి జారింది. మాస్టారి మొహం దాంతోపాటే జారింది. ఫర్నేసు ఆపేసి, చల్లారాక బిళ్ళ తీసి చెత్తబుట్టలో పడేసి, బుట్టకి కూడా సారీ చెప్పినట్టున్నారు.

మేడమ్ వచ్చి, "ఎంతసేపు చూశారు మాస్టారూ?" అని అడిగింది.

"నలభై నిమిషాలండి. సారీ అండి. లోపల పగులొచ్చి ఉంటుంది."

మేడమ్ తన గదిలోకి వెళ్ళిపోయింది.

అప్పటికి మాస్టారి సెలవు అయిపోవచ్చింది. ఇంకో రెండు వారాల్లో కమిటీ వచ్చి చూస్తుంది. పనికొచ్చేదేమైనా కనిపిస్తే ఇంకో ఏడాది ఇస్తారు, లేదంటే ఇంటికి. ఉన్న పొడితో ఇంకొక్క బిళ్ళ, ఎనిమిదోది, మాత్రమే అవుతుంది. దాన్ని నేను కన్నబిడ్డలా కాల్చాను. డిగ్రీకి డిగ్రీ లెక్కపెట్టుకుంటూ పెంచాను, దించాను. అది పగలకుండా బయటికొచ్చిన రోజు మాస్టారు నా పక్కన స్టూలు మీద కూర్చుని మెల్లిగా అన్నారు.

"మా బడిలో పిల్లలకి చెప్పి వచ్చానమ్మా. పుస్తకంలో ఉన్నది చదవడం కాదురా, పుస్తకంలో లేనిది ఒక్కటైనా కనిపెట్టి వచ్చి మీకు చెబుతానని. ఉత్తచేతులతో వెళ్ళి ఆ బోర్డు ముందు ఎలా నిలబడను?"

ఆయనకి మంచినీళ్ళిచ్చాను. సారీ చెప్పి తాగారు.

కమిటీ పది గంటలకి దిగింది. ముగ్గురు. తెల్ల మీసాల పెద్దాయన ఒకరు, ఆయన తల ఊపితే తలలూపే సభ్యులు ఇద్దరు. పెద్దాయన కుర్చీలో కూర్చోకముందే, "నాలుగింటికి నాకు రైలుంది" అన్నారు. ఇద్దరూ తలలూపారు. డైరెక్టరుగారు, "ఎంతండీ, రెండు ముక్కల్లో తేలిపోతుంది" అన్నారు.

పది ఇరవైకి మాస్టారు తడి గాలి మీట తిప్పారు. నీళ్ళ సీసాలో బుడగలు లేచాయి. అందరం గీతల మిషను చుట్టూ మూగాం.

కలం రెండు నిమిషాలు తిన్నగా నడిచింది. తరవాత కిందికి దిగడం మొదలెట్టింది. పదకొండయ్యేసరికి సగానికి పడిపోయింది.

"పడిపోయిందే!" అన్నారు పెద్దాయన.

"సారీ అండి" అన్నారు మాస్టారు.

"లోపల పగిలినట్టుంది" అన్నారు డైరెక్టరుగారు. తలలు ఊగాయి.

"ఆగండి" అంది మేడమ్.

ఆగారు. పన్నెండైంది. గీత ఇంకా కిందికి వెళ్ళింది. పన్నెండున్నరకి అడుక్కి చేరి బల్లపరుపుగా నడవడం మొదలెట్టింది. భోజనాలకి వెళ్ళొచ్చారు. మేడమ్ కదల్లేదు. నేనూ కదల్లేదు. గీత కూడా కదల్లేదు. డైరెక్టరుగారు సంతకాల కాగితం తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద 'కొనసాగించనక్కర్లేదు' అన్న మాట పక్కన చిన్న గడి ఉంది.

"మేడమ్, ఇక మీరు కూడా ఒప్పుకోవాలి" అన్నారు పెద్దాయన, కాస్త మెత్తగానే. "మీ మాట ప్రకారమే ఆగాం. కుదురుకుంది కదా? గంట పైగా గీత తిన్నగానే ఉంది."

"కుదురుకుందండీ" అన్నారు మాస్టారు, నేల చూస్తూ. "నేను ఒప్పుకుంటున్నాను. మీ అందరి టైమూ పాడు చేశాను. సారీ."

పెద్దాయన కలం తెరిచారు. అప్పుడు మేడమ్ సొరుగులోంచి భూతద్దం తీసి, కాగితం చుట్ట మీదికి వంగింది. ఎంతసేపు వంగిందంటే, ఆవిడకి నడుం పట్టేసిందేమో అనుకున్నాను.

"మాస్టారూ, ఇలా రండి. ఇది చూసి ఏమిటో మీరు చెప్పండి."

మాస్టారు వెళ్ళి భూతద్దంలోకి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఒక గడి..." అన్నారు. "ఒక చిన్న గడి పైకొచ్చింది."

"చెయ్యి వణికి ఉంటుంది" అన్నారు డైరెక్టరుగారు.

"మిషనుకి చేతులుండవండీ" అన్నారు మాస్టారు. నాకు తెలిసి ఆయన ఒకరి మాట కాదని, చివర సారీ చేర్చకపోవడం అదే మొదలు. "ఇది తిన్నగా లేదు. ఇది కుదురుకోవడం కాదు. ఇది మలుపు!"

పెద్దాయన లేచొచ్చి భూతద్దం అందుకున్నారు. రెండు గడులు. రెండుంపావుకి ఐదు. మూడింటికి భూతద్దం అక్కర్లేకుండానే కనపడింది. కలం మెల్లిగా, గర్భిణి మెట్లెక్కినంత జాగ్రత్తగా పైకి ఎక్కుతోంది.

"రైలుకి టైమవుతోంది, కారు పిలిపించనా?" అని డైరెక్టరుగారు అడిగారు.

"ఆగండయ్యా!" అని కసిరారు పెద్దాయన, గీత మీంచి కళ్ళు తియ్యకుండా.

అందరం తలలు తిప్పి ఆయన్ని చూశాం. మేడమ్ ఒక్కతే ఏమీ జరగనట్టు పెన్సిలు చెక్కుకుంటోంది.

"ఇలా ఎందుకు జరుగుతుంది?" అని ఆయన మేడమ్‌ని అడిగారు.

"మాస్టారిని అడగండి. బిళ్ళ ఆయనది."

మాస్టారు గోడకున్న బోర్డు దగ్గరికి నడిచారు. సుద్దముక్క వేళ్ళ మధ్యకి రాగానే ఆ మనిషి మారిపోయారు. వీపు నిటారుగా అయింది. గొంతు ఆఖరి బెంచీకి వినపడేలా లేచింది.

"తడి లోపలికి వెళ్ళేటప్పుడు హైడ్రోజనూ ఆక్సిజనూ జంటగా వెళ్తాయనుకున్నాం. వెళ్ళడం లేదు. ఇల్లు మారడం మీరందరూ చూసే ఉంటారు. చేతిసంచులవాళ్ళు ముందు పరిగెత్తుకుంటూ వస్తారు. బీరువాలు మోసేవాళ్ళు వెనకాల నింపాదిగా వస్తారు. సంచులవాళ్ళు వచ్చి గుమ్మంలోనూ నడవలోనూ చతికిలబడ్డారు. అంతవరకూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పని చేస్తున్న పాతవాళ్ళకి దారి లేదు. హైడ్రోజను ముందొచ్చి, అప్పటిదాకా కరెంటు మోస్తున్నవాళ్ళని ఆపేసింది. అదీ మనం చూసిన పడిపోవడం! ఆక్సిజను నెమ్మది. అది వచ్చి, బీరువా ఎక్కడిదక్కడ సర్దాక, సంచులవాళ్ళు లేచి తిరగడం మొదలెడతారు. ఇంటినిండా మనుషులే! ఇప్పుడు మీరు చూస్తున్నది అదీ. అర్థమైందా?"

"అయింది సార్" అన్నారు తల ఊపే సభ్యులిద్దరూ, లేచి నిలబడినంత పని చేసి.

ఐదున్నరకి కలం పొద్దుటి గీతని దాటింది. దాటి ఇంకా ఎక్కుతోంది. పక్క గదులవాళ్ళు వచ్చారు, గేటు దగ్గరి మనిషి కూడా పైకొచ్చాడు. డైరెక్టరుగారు మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపుతూ రెండు ముక్కల్లో చెప్పడం మరిచిపోయి పది నిమిషాలు మాట్లాడారు.

"ఇప్పుడైనా బాగుందని ఒక్క మాట అనండి మేడమ్!" అన్నాను.

"రేపు పొద్దున్న చూద్దాం. ఇంకా కుదురుకోలేదు."

రైలు తప్పిపోయిన పెద్దాయన ఆ సాయంత్రం మా ఇంటికే వచ్చారు. మెట్ల మీద అత్తగారు ఎదురై, "పొద్దుట్నుంచీ చూస్తున్నారట కదా, ఏం తేలిందండీ?" అని అడిగారు.

"ఇంకా కుదురుకోలేదమ్మా" అన్నారాయన, తన్మయత్వంతో.

అత్తగారు నా వైపు తిరిగి, "ఇది అంటుకునే జబ్బని నేను ముందే అన్నానా లేదా?" అన్నారు.

మర్నాడు ఎనిమిదింటికి అందరం గీతల మిషను ముందున్నాం. కాగితం మీద గీత పైకెక్కి ఎక్కి, ముందురోజు పొద్దుటి ఎత్తుకి రెండింతల మీద, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా నడుస్తోంది. మేడమ్ అంతటితో వదల్లేదు. పొడి గాలి వదిలించింది, మళ్ళీ తడి గాలి వదిలించింది. అదే లోయ, అదే మలుపు, అదే ఎక్కడం. మళ్ళీ ఇంకో రోజు. మూడోరోజు మధ్యాహ్నం పన్నెండుంపావుకి పెన్సిలు చెవి మీద పెట్టుకుని, మాస్టారి వైపు తిరిగింది.

"కుదురుకుంది" అంది.

మీరు నమ్మరు. వరండా వరండా అంతా చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళు మా బావగారు తప్ప ఎవరూ లేరు. పెద్దాయన 'కొనసాగించాలి' అన్న గడిలో కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టారు. అంతటితో ఆగక, తన ఊరెళ్ళి అక్కడి పరిశోధకులు పారేసిన బిళ్ళలన్నీ వెతికించి మళ్ళీ కొలిపించారట. ఆర్నెల్లలో మాస్టారి గీత మాస్టారి పేరుతో పత్రికలో అచ్చయింది. ఆయన ఇక్కడ సెలవు పెట్టి వాళ్ళ బడికెళ్ళి, ఆ లోయనీ ఆ మలుపునీ బోర్డు నిండా గీసి, పిల్లల చేత మూడుసార్లు చప్పట్లు కొట్టించుకుని వచ్చారు.

ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. తెలియనిది తరవాత ఒక రోజు నా కంటపడింది.

ఫర్నేసు పుస్తకాలు సర్దుతున్నాను. మూలనున్న రెండో ఫర్నేసు పుస్తకంలో, కమిటీకి తొమ్మిది రోజుల ముందు ఒక ఆదివారం పేజీ. అక్కయ్య చేతిరాత. 'ఏడో బిళ్ళ. తడి గాలి. పదకొండు గంటలు.' ఆ ఆదివారం నాకు బాగా గుర్తే. చెప్పులు కొనుక్కొస్తానని పొద్దున్నే వెళ్ళి, చీకటి పడేవేళకి ఉత్తచేతులతో తిరిగొచ్చింది. చెప్పుల కొట్లో పదకొండు గంటలా అని ఇంట్లో ఒక్కరం ఆశ్చర్యపోలేదు. ఆవిడ సంగతి తెలుసు కదా.

పుస్తకం పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. కోపంలో మేడమ్ అనడం మరిచిపోయాను.

"అక్కయ్యా! మాస్టారు బుట్టలో పారేసిన బిళ్ళ నువ్వు తీసి కొలిచావా?"

"కొలిచాను."

"అది కూడా పడి లేచిందా?"

"లేచింది."

"అయితే ఎనిమిదోది లేస్తుందని నీకు ముందే తెలుసు!"

"తెలుసు" అంది వెంటనే. ఆవిడ అంత వెంటనే జవాబు చెప్పడం నేనెప్పుడూ ఎరగను.

"మరి ఆ రోజు మా ప్రాణాలన్నీ ఎందుకు అలా ఉగ్గబట్టించావు? పది ఇరవైకే ఒక్క మాట అంటే పోయేదిగా!"

"అంటే అది నాదయ్యేది చెల్లీ. 'మేడమ్ కనిపెట్టింది, ఆయన పక్కన నిలబడ్డాడు' అని రాసుకుని వెళ్ళేవాళ్ళు."

"పోనీ, మాస్టారికైనా చెవిలో చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్ముతారు. నన్ను నమ్ముతారు. ఆయన నమ్మాల్సింది నన్ను కాదు."

"ఒకవేళ ఎనిమిదో బిళ్ళ నిజంగానే పగిలిపోయి ఉంటే?"

అక్కయ్య భుజం సంచి తెరిచి, లోపల చుట్టి పెట్టిన, ఏడో బిళ్ళ గీత ఉన్న కాగితం చూపించింది. "ఆ రోజంతా ఇది నా సంచిలోనే ఉంది. పెద్దాయన కలం కాగితానికి తగిలి ఉంటే తీసి బల్ల మీద పరిచేసేదాన్ని. ఇది మాస్టారికి తెలియకూడదు. నోరు జారావో, చూడు!"

నోరు కట్టేసుకున్నాను. నాకది ఎంత కష్టమో మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

వారం తిరక్కుండా మాస్టారు నా ఫర్నేసు గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"ఒక్క మాటమ్మా. ఏడో బిళ్ళ మళ్ళీ కొలుద్దామని దాని కోసం వాకబు చేశాను. గది ఊడ్చే ఆవిడ ఏమందో తెలుసా? 'అది పారేసిన రోజే మేడమ్‌గారు బుట్టలోంచి ఏరి, జేబురుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్ళారు కదండీ' అంది. ఆవిడ బిళ్ళ పట్టుకెళ్ళి ఊరికే బీరువాలో పెట్టుకునే మనిషి కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముక్కు ఎగబీల్చి నవ్వారు. "నాకు తెలిసిపోయిందని ఆవిడకి చెప్పకండి. అంత కష్టపడి దాచుకున్నారు, పాడు చెయ్యకూడదు."

ఇప్పుడు నా అవస్థ ఆలోచించండి. సాయంత్రం నాలుగింటికి ముగ్గురం టీ బల్ల దగ్గర కూర్చుంటాం. నిన్ననే అక్కయ్య ఏమీ ఎరగనట్టు, "మాస్టారూ, ఆ ఏడో బిళ్ళ పారేశారు గానీ, దాన్ని కూడా ఒకసారి ఓపిగ్గా కొలిచి ఉంటే బాగుండేది" అంది.

"నిజమేనండీ, నా బుద్ధి తక్కువ" అన్నారు మాస్టారు, అమాయకంగా. "పాపం, అది ఇప్పుడు ఎక్కడుందో ఏమో."

ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు చూశారు. పళ్ళెంలో నాలుగు బిస్కట్లున్నాయి. నాలుగూ ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను.